గుడాల వారు బండి తిన్నగా చేసిన వైనం

గుడాల వారి ఇంట్లో నలుగురు తెలివైనవాళ్ళు ఉండేవారు. ఇది నా మాట కాదు, వాళ్ళు చెప్పుకునే మాట. పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి జల్లుతూ మాచమ్మ, ఎదురింటి అరుగు మీదున్న నాకు వినపడేలా అనేది: “మా ఇంట్లో ఎవరికీ ఒక మాట రెండుసార్లు చెప్పక్కర్లేదు అచ్చియ్యమ్మా. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. వెంట్రుకవాసి తేడా రాదు.”

ఆ తేడా రాకపోవడమే వాళ్ళ రోగం అని నేను లోపల అనుకునేదాన్ని. బయటికి అంటే ఏం లాభం? ఆవిడ ముగ్గురు కొడుకులూ ఆవిడ పోలికే. పెద్దవాడు సింహాద్రి, రెండోవాడు పోలయ్య, మూడోవాడు గవరయ్య. ఒకసారి గవరయ్యని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, పాలు పొంగేదాకా చూస్తూ ఉండమని చెప్పి వెళ్ళింది తల్లి. వాడు చూస్తూ కూర్చున్నాడు. పాలు పొంగాయి, పొయ్యి ఆరిపోయింది, గిన్నె ఖాళీ అయింది. “పొంగేదాకా చూశానమ్మా, చాలా బాగా పొంగాయి” అన్నాడు. తల్లి వాడి తల నిమిరి, “నా బంగారం, ఎంత ఓపికగా చూశాడో” అంది. ఇంకేముంది, ఆ ఇంట్లో ఆ రోజు అందరూ నల్ల టీ తాగారు. తెలివిగా తాగారు.

ఆ ఇంట్లో ఒక్క మనిషికి మాత్రం తెలివి లేదని పేరు. ఆ పిల్ల సింహాద్రి పెళ్ళాం లోవమ్మ. అత్తగారు ఆ పిల్లని చూసి, “ఏం చెప్పినా ముందు ఎందుకు అని అడుగుతుంది, బుర్ర తక్కువ పిల్ల” అని వాపోయేది. ఆ బుర్ర తక్కువ పిల్లే ఆ నలుగురికీ అన్నం పెడుతోంది. జంతికలు, చేగోడీలు, బెల్లం గవ్వలు చేసి, డబ్బాలకెత్తి, ఎర్ర మోపెడ్ మీద కట్టుకుని, ప్రతి గురువారం రాజులమెట్ట సంతకి తీసుకెళ్ళి అమ్ముకొచ్చేది. మూడేళ్ళ పాటు ఆ పిల్లని సంతలో ఎండుచేపల వాళ్ళ వెనక కూర్చోబెట్టారు. ఆ వాసనలో గవ్వలు ఎవరు కొంటారు చెప్పండి? అయినా పట్టు వదల్లేదు. పోయిన ఏడాది గేటు పక్కనే మంచి చోటు దొరికింది. వచ్చేవాడూ పోయేవాడూ ఆ పిల్ల ముందునుంచే నడవాలి. ఆ చోటు గురించి చెప్పేటప్పుడు లోవ మొహం చూడాలి మీరు, కొత్త పట్టుచీర కట్టుకున్నదానికి కూడా అంత కళ ఉండదు.

అయితే ఆ సంతకి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి చోటైనా సరే, వరసగా మూడు గురువారాలు ఖాళీగా ఉంటే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఎవరు ఏడ్చినా, కాళ్ళు పట్టుకున్నా తిరిగి రాదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచింది లోవ. ఎందుకు చెప్పిందా అని తరవాత ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

ఒక బుధవారం పోలయ్య బండేసుకుని కొత్తూరు బయల్దేరాడు, వదినకి వాము తేవడానికి. దారిలో ఎవరినో అడిగాడు. “ఇలాగే తిన్నగా పో, వచ్చేస్తుంది” అన్నారు. అంతే. కాలవ దగ్గర రోడ్డు కుడిచేతికి తిరిగింది, పోలయ్య తిరగలేదు. తిన్నగా పోయి తూము గోడకి కొట్టాడు. బండి ముందుభాగం ఎడమకి వంగిపోయింది. పోలయ్యకి మోకాలు చీరుకుంది.

బండి నెట్టుకొచ్చాక లోవ తల పట్టుకుంది. “రోడ్డు తిరిగింది కదా పోలయ్యా, నువ్వు తిరగాలి కదా?”

“తిన్నగా పొమ్మన్నాడు వదినా. తిరగమంటే తిరగనా? రోడ్డే మాట తప్పింది.”

మాచమ్మ కొడుకు మోకాలికి పసుపు అద్దుతూ, “నా కొడుకు మాట మీద నిలబడ్డాడు, రోడ్డు నిలబడలేదు” అంది. తూము గోడ కూడా విరిగి రోడ్డుకి అడ్డంగా పడింది, దాంతో మా ఊరు తూముపాలానికి ఆటోలు రావడం మానేశాయి. ఆ గురువారం లోవ సంతకి వెళ్ళలేదు. అది మొదటి వారం.

మర్నాడు ముగ్గురన్నదమ్ములూ జంక్షన్లో మెకానిక్ మస్తాన్ దగ్గరికి వెళ్ళారు. అతను కొట్టుకి తాళం వేసి బస్సు ఎక్కుతున్నాడు. పెద్దకూతురికి పురుడొచ్చిందట, పదిహేను రోజులకి గానీ రాడట. ముగ్గురూ బస్సు మెట్ల దగ్గర అడ్డం నిలబడితే పాపం ఆ మంచి మనిషి ఫ్రేము ఎలా తిన్నగా చేస్తారో గబగబా చెప్పాడు. గవరయ్యకి ఒక చేతిలో గొడుగుంది. రెండో చేతి వేళ్ళు మడుస్తూ గుర్తుపెట్టుకున్నాడు. ఒకటి, బండి మీదున్నవన్నీ విప్పేసి ఒట్టి ఫ్రేము మిగల్చాలి. రెండు, దాన్ని ఒక గట్టిదానికి కట్టి, వంగిన చోట ఎర్రగా అయ్యేదాకా కాల్చాలి. మూడు, వంగింది బెత్తెడు కాబట్టి అవతలివైపుకి బెత్తెడు లాగాలి. నాలుగు, దాని మీద నీళ్ళు చుక్క కూడా పొయ్యకూడదు, దానంతటదే చల్లారాలి. అయిదు, అన్నీ బిగించాక దారం పట్టి చూడాలి, దారం రెండు చక్రాలకీ ఆనాలి.

బస్సు కదిలింది. మస్తాన్ కిటికీలోంచి తల బయటపెట్టి ఆరో మాట అరిచాడు: “అసలు మీరు ముట్టుకోకండి, నేనొచ్చి చేస్తాను.” గవరయ్య తన చేతికేసి చూసుకున్నాడు. అయిదు వేళ్ళూ మడిచేసి ఉన్నాయి. ఆరోదానికి వేలు లేదు. ఇంకేముంది, అయిదింటితోనే ఇంటికొచ్చారు.

“ఆరోది ఏంటన్నాడు?” అని లోవ అడిగింది.

“ఏదో అన్నాడు వదినా. అవసరమైనదైతే ముందే చెప్పేవాడు” అన్నాడు గవరయ్య. నేను అరుగు మీదనుంచి ఇదంతా వింటున్నాను. మస్తాన్ వచ్చేదాకా ఆగండ్రా అన్నాను. “ఇంట్లో ఇంత తెలివి పెట్టుకుని మస్తాన్ దేనికి పిన్నీ?” అన్నాడు సింహాద్రి.

విప్పడం మొదలుపెట్టారు. బండి మీదున్నవన్నీ విప్పాలన్నాడు కదా, సీటు విప్పారు, ట్యాంకు విప్పారు, ఇంజను దింపారు, చక్రాలు తీశారు. అక్కడితో ఆగితే మనుషులే. బండి మీద లోవ అంటించుకున్న అమ్మవారి బొమ్మ ఉంటే దాన్నీ గోళ్ళతో గీకి తీశారు. బొమ్మ పోయాక బురద కనిపించింది, అదీ బండి మీదున్నదే కాబట్టి కడిగారు. కడిగాక తడి మిగిలింది. తడి కూడా బండి మీదే ఉంది కదా అని ఊదడం మొదలుపెట్టారు. ముగ్గురు మగాళ్ళు, మీసాలున్న మగాళ్ళు, మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఇనపగొట్టాన్ని ఉఫ్ ఉఫ్ మని ఊదుతుంటే మా వీధి కుక్క కూడా సిగ్గుపడి అవతలికి పోయింది. ఈ లోపల రెండో గురువారం వచ్చింది, పోయింది. లోవ చేసిన చేగోడీలు మెత్తబడిపోయాయి.

ఇక ఒక్క వారమే మిగిలింది. లోవ మొగుడి దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పింది. “ఇదిగో, వచ్చే గురువారం కూడా పోకపోతే నా చోటు పోతుంది. మళ్ళీ ఎండుచేపల వెనక్కి పోవాలి. అది కూడా ఇస్తారో లేదో. నాకు నిద్ర పట్టట్లేదు.”

“నీకెందుకు, సోమవారానికల్లా బండి తిన్నగా అవుతుంది” అన్నాడు సింహాద్రి. వాడికి పెళ్ళామంటే ప్రేమ లేకపోలేదు. బుర్రే లేదు.

సోమవారం పొద్దున్న ఫ్రేముని గట్టిదానికి కట్టే పని పడింది. ఏది గట్టిది అని నలుగురూ ఇల్లంతా తిరిగి అన్నింటినీ తన్ని చూశారు. రోలు తంతే పోలయ్య బొటనవేలు వాచింది, కానీ రోలు కదిలింది. గోడ తంతే పెచ్చు ఊడింది. ఆఖరికి వసారా మధ్యలో ఉన్న గుంజ తన్నితే అది కదల్లేదు, వాళ్ళ తాత నాటిన టేకు గుంజ. వసారా పైకప్పంతా దాని మీదే నిలబడి ఉంది. తాటాకు కప్పు, ఎండి గలగలలాడుతోంది. ఆ కప్పు కింద, ఆ గుంజకి ఫ్రేము కట్టి, కింద కొబ్బరి డొక్కలు పోగేసి నిప్పు పెట్టారు.

“తాటాకు కింద మంటేంట్రా?” అని నేను ఇవతలనుంచి కేక వేశాను.

“మస్తాన్ పైన ఏముండాలో చెప్పలేదు పిన్నీ” అన్నాడు గవరయ్య, వేళ్ళు చూసుకుని.

అసలు ముందే ఒక పేచీ వచ్చింది. పోలయ్య అన్నాడు, ఎర్రగా అయ్యేదాకా కాల్చమన్నాడు, ఇది ముందే ఎర్రగా ఉంది కదా, ఇంక కాల్చడమెందుకు అని. ఆ మాటకి అందరూ ఆలోచనలో పడ్డారు. మాచమ్మ కలగజేసుకుంది. “పిచ్చోడా, ఇది కొన్నప్పటి ఎరుపు. ఆయన చెప్పింది కాల్చిన తరవాతి ఎరుపు.” ఇంత తెల్లారగట్లే ఇంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందే అమ్మా అని కొడుకులు మురిసిపోయారు. కాల్చారు.

కాలిస్తే ఏమవుతుంది? రంగు ఉడికి, పొక్కి, ఫ్రేము నల్లగా అయిపోయింది. ఇంకా డొక్కలు వేశారు. ఇంకా నల్లబడింది. డొక్కల మంటకి ఇనుము ఎర్రబడుతుందా ఎక్కడైనా, దానికి కొలిమి కావాలి, తిత్తి కావాలి. గంటసేపు కాల్చి, నలుగురూ దాని చుట్టూ కూర్చుని దిగులుపడ్డారు.

“ఎర్రగా ఉన్నదాన్ని కాల్చి నల్లగా చేశాం. ఆయనేమో ఎర్రగా అవ్వాలన్నాడు. ఇప్పుడేం చేద్దాం?” అన్నాడు సింహాద్రి.

“ఎర్రగా చేద్దాం” అన్నాడు గవరయ్య.

అంతే. పోలయ్య పరిగెత్తుకెళ్ళి అటక మీదనుంచి తలుపులకి వెయ్యగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా తెచ్చాడు. మండుతున్న మంట మీద, కాలుతున్న ఇనుము మీద, నూనె రంగు, కుంచెతో. ఒక్క పూత వేశాడో లేదో భగ్గుమంది. కుంచె వదిలేశాడు, డబ్బా వదిలేశాడు. మంట గుంజ పట్టుకుని పైకెళ్ళి తాటాకు అందుకుంది. “ఇప్పుడు చూడు ఎంత ఎర్రగా ఉందో” అని గవరయ్య చప్పట్లు కొట్టాడు.

నేను బిందె పట్టుకుని వీధి దాటాను. లోవ పెరట్లోనుంచి బకెట్టుతో వచ్చింది. ఇంకేముంది, మాచమ్మ చేతులు రెండూ చాచి వాకిట్లో అడ్డం నిలబడింది. “నీళ్ళు చుక్క కూడా పొయ్యకూడదన్నాడు మస్తాన్. దానంతటదే చల్లారాలి.”

“ఇల్లు కాలిపోతోంది అత్తా” అంది లోవ.

“కాలనీ. నీళ్ళు పోస్తే ఫ్రేము పాడైపోతుంది. అది నీ బండే కదే, నీ మంచికే చెప్తున్నాను.”

ముగ్గురు కొడుకులూ వచ్చి తల్లి పక్కన వరసగా నిలబడ్డారు. వెనకాల వసారా తగలబడుతోంది, ముందు వీళ్ళు నీళ్ళనుంచి దాన్ని కాపాడుతున్నారు. నా ఒళ్ళు మండిపోయి బిందెడు నీళ్ళూ సింహాద్రి మొహాన కొట్టాను. అక్కడ మాత్రం మస్తాన్ వద్దనలేదు. వసారా పూర్తిగా కాలి, దానంతటదే చల్లారింది. పెంకుటింటి లోపలికి మంట వెళ్ళలేదంటే అది గాలి పుణ్యం, వీళ్ళది కాదు. గుంజ ఒక్కటి బొగ్గుపట్టి నిలబడి ఉంది, దానికి ఫ్రేము వేలాడుతోంది, ఎప్పటిలాగే వంకరగా.

మంగళవారం లాగడం. బెత్తెడు లాగాలి కదా, ఎవరి బెత్తెడు అని మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. పెద్దదిక్కు కాబట్టి మాచమ్మ బెత్తెడు ఖాయం చేశారు. ఆవిడ ఫ్రేము పక్కన నేల మీద చెయ్యి పెట్టి బెత్తెడు కొలిచి బొగ్గుతో గీత గీసింది. ముగ్గురూ మోకు పట్టుకుని లాగారు. కాలిన గుంజ మొదట్లో ఫట్టుమని చప్పుడైంది. గుంజ పక్కకి ఒరిగింది, దానితో పాటు ఫ్రేము కూడా గీత దగ్గరికొచ్చింది. “చాలు, చాలు, బెత్తెడు వచ్చేసింది” అంది మాచమ్మ. మోకు వదిలేశారు. ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. ఫ్రేము ఎంత వంకరగా ఉందో అంతే వంకరగా, ఉన్నచోటునుంచి బెత్తెడు ఇవతలికి వచ్చింది. దాన్ని విప్పి తీస్తుంటే గుంజ విరిగి సింహాద్రి పక్కనే పడింది.

లోవ వచ్చి చూసింది. “వంకర అలాగే ఉంది కదా?”

“నువ్వు నిన్నటి వంకర చూస్తున్నావు. బెత్తెడు లాగాం, నా కళ్ళతో చూశాను” అంది అత్తగారు.

సాయంత్రానికి అన్నీ తిరిగి బిగించారు. పదకొండు బోల్టులు మిగిలాయి. మస్తాన్ మిగలకూడదని చెప్పలేదు కాబట్టి వాటిని లాభం కింద తీసి డబ్బాలో దాచుకున్నారు. తరవాత దారం. ఒక కొస వెనక చక్రం దగ్గర పోలయ్య పట్టుకున్నాడు, రెండో కొస ముందు గవరయ్య పట్టుకున్నాడు. బిగించి పడితే దారం వెనక చక్రానికి ఆనింది, ముందు చక్రానికి జానెడు దూరంలో ఉండిపోయింది. రెండు చక్రాలకీ ఆనాలి కదా. గవరయ్య కాసేపు గడ్డం గోక్కుని, మధ్యలో ఒక మేకు పాతి, దారాన్ని దాని చుట్టూ తిప్పి, ముందు చక్రానికి తెచ్చి ఆనించాడు. “ఆనింది” అన్నాడు. “ఆనింది” అన్నాడు పోలయ్య. మాచమ్మ కళ్ళు తుడుచుకుంది, నిజంగానే తుడుచుకుంది, ఆవిడ కొడుకులు అంత గొప్పవాళ్ళు అయినందుకు.

బుధవారం పొద్దున్న సింహాద్రి, పోలయ్య బండెక్కి ఊరి చివరిదాకా పోయి వస్తామన్నారు. బండి కదిలింది, ఎడమకి తిరిగింది. సింహాద్రి కుడికి తిప్పాడు, అది ఎడమకే పోయింది. మా వీధికి ఎడమవైపు ఏముంది? కాలవ. ఇద్దరూ బండితో సహా నేరుగా అందులోకి దిగారు. ఈ ఇద్దరినీ పక్క పొలంలో పనిచేస్తున్న పాలేర్లు పైకి లాగారు. బండి మాత్రం బుడబుడమని మునిగి, బురదలో కూరుకుపోయింది.

గట్టు మీద నిలబడి అంతా చూసిన మాచమ్మ, “పోనీలే, నీళ్ళు మనం పొయ్యలేదు. అదే వెళ్ళి తాగింది” అంది.

అప్పుడు లోవ ఏడ్చింది. నేను ఆ పిల్లని అంతవరకు అలా చూడలేదు. ఏడుస్తూనే లేచి, పొయ్యి వెలిగించి, పిండి కలిపింది. నడిచే పోతాను పిన్నీ, రెండు డబ్బాలు నెత్తిన పెట్టుకుని పోతాను, అన్నీ కాకపోతే రెండే, మనిషి కూర్చుంటే చోటు నిలుస్తుంది అంది. కానీ నడిచి వెళ్ళేసరికి బారెడు పొద్దెక్కుతుంది. ఆ లోపల ఎవరైనా వచ్చి కూర్చుంటే? అందుకని మొగుణ్ణి పిలిచింది. ఇక్కడే ఆ పిల్ల కూడా తప్పు చేసింది, నన్ను పంపితే పోయేది.

“ఇదిగో, మీరు ముగ్గురూ ఇప్పుడే రాజులమెట్ట వెళ్ళండి. సంత చూసుకునే నూకయ్య ఉంటాడు, నా చోటేదో అడిగితే చూపిస్తాడు. రేపు నేను వచ్చేదాకా ఆ చోటు ఇంకెవరి చేతిలోకీ పోకూడదు. ఏం చేస్తారో నాకు తెలీదు. ఈ ఒక్కటి చేసి పెట్టండి, మిమ్మల్ని ఇంకేమీ అడగను.”

ముగ్గురూ తలూపారు. సింహాద్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. “నా ప్రాణం పోయినా నీ చోటు పోనివ్వను” అన్నాడు. వెళ్ళారు. వెళ్ళేటప్పుడు గునపం, పార, రెండు కావళ్ళు పట్టుకెళ్ళారు. చేతిలో ఏదో ఒకటి ఉంటే మంచిదే, ఎవరైనా దౌర్జన్యం చేస్తే బెదిరించడానికనుకున్నాను. నేనూ ఆ వీధిలోదాన్నే కదా, ఆ గాలి నాకూ తగిలినట్టుంది.

దీపాలు పెట్టే వేళకి ముగ్గురూ ఒళ్ళంతా మట్టితో తిరిగొచ్చారు. పెరట్లో జంతికలు వేయిస్తున్న లోవ దగ్గరికి సింహాద్రి వెళ్ళి, “నీ చోటుకి ఏ భయమూ లేదు, ఎవడూ ముట్టుకోలేడు” అని చెప్పాడు. ఆ పిల్ల పాపం నవ్వింది. పదిహేను రోజుల తరవాత నవ్వింది. మర్నాడు చీకటితోనే లేచి, రెండు డబ్బాలు నెత్తిన పెట్టుకుని, దొడ్డితలుపు తీసుకుని కాలవగట్టున పడి వెళ్ళిపోయింది. వాకిలివైపు రానేలేదు.

వాకిట్లోకి నేను వచ్చాను. చూస్తే ఏముంది, వసారా కాలిపోయిన చోట, సరిగ్గా వీధి గుమ్మం ముందు, చదరంగా, మోకాలెత్తున ఎర్రమట్టి దిబ్బ. దాని చుట్టూ నలుగురూ కాపలా కూర్చుని ఉన్నారు.

“ఇదేంటి మాచమ్మా?”

“లోవ చోటు. ఇంకెవరి చేతిలోకీ పోకూడదంది కదా, కావళ్ళతో మోసి రాత్రికి రాత్రే ఇంటికి తెచ్చేశారు నా బిడ్డలు. చుట్టూ కొలిచి మరీ తవ్వారు. పక్కవాళ్ళ చోటు పిడికెడు కూడా కలవలేదు.”

నేను కాలవగట్టుకి పరిగెత్తాను. లోవ కనుచూపుమేరలో లేదు.

అక్కడ జరిగింది ఆ పిల్లే చెప్పింది తరవాత. చెమటతో తడిసి సంత గేటు దగ్గరికి వెళ్ళేసరికి తన చోటులో మోకాలి లోతు గొయ్యి. నూకయ్య చెంపకి చెయ్యి ఆనించుకుని గట్టున నిలబడి ఉన్నాడు. “మీ వాళ్ళొచ్చి లోవమ్మ చోటేదంటే చూపించాను తల్లీ. తవ్వుతుంటే ఇదేంటయ్యా అన్నాను. మాకు అప్పజెప్పిన పని, అడ్డురాకు అన్నారు. ముగ్గురి చేతుల్లో ఇనుముంది. నేనేం చెయ్యను?”

ఇంకొకరైతే అక్కడే కూలబడిపోయేవారు. లోవ ఆ గొయ్యికేసి కాసేపు చూసింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి, గోతిలోకి దిగింది, గోనె పరిచింది, కూర్చుంది. డబ్బాలు గట్టు మీద పెట్టుకుంది. పైకి తల, రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. గోతిలోంచి జంతికలమ్మే ఆడమనిషిని చూడ్డానికి సంతంతా విరగబడింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కొన్నారు. పన్నెండు గంటలకి రెండు డబ్బాలూ ఖాళీ. నూకయ్య చెయ్యి అందించి పైకి లాగుతూ, “చోటు లేకపోయినా చోటులో కూర్చున్నావు తల్లీ. ఇంక దీన్ని నీ దగ్గర్నించి ఎవడు తీసుకుంటాడు? వచ్చే వారానికి పూడ్చుకో, అంతే” అన్నాడు.

ఎగురుకుంటూ ఇంటికొచ్చింది పిచ్చితల్లి. కాళ్ళు బొబ్బలెక్కినా ఎగురుకుంటూ వచ్చింది. వీధి మలుపు తిరిగి వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది. మట్టి దిబ్బ మీద గాజుల రవణమ్మ గొడుగు పాతుకుని, గంప తెరిచి, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంది. పై ఊరి మనిషి, గాజులమ్ముకుంటూ మా వీధికి వచ్చింది ఆ పూట. నలుగురు గుడాల వారూ దిబ్బ పక్కన తలలు దించుకుని నిలబడి ఉన్నారు, ఎవరో పోయినట్టు.

“ఎక్కడికి పోయావే?” అంది మాచమ్మ. “పొద్దున్నుంచి నీకోసం చూశాం. మిట్టమధ్యాహ్నం దాకా చూశాం. చోటు ఇక్కడుంటే నువ్వు ఊళ్ళు పట్టుకు తిరుగుతావా?”

“సంతకి పోయాను అత్తా. అక్కడ కూర్చున్నాను, చోటు నిలిచింది.”

“అక్కడ చోటెక్కడుంది? ఇదిగో, ఇక్కడుంది. పొద్దున్నుంచి ఖాళీగా ఉంది. వరసగా మూడో గురువారం.” ముసలిది కొంగుతో ముక్కు తుడుచుకుంది. “మూడు వారాలు ఖాళీగా ఉంటే ఇంకొకరికి ఇచ్చెయ్యాలని నువ్వే కదే చెప్పావు. ఎవరు ఏడ్చినా తిరిగి రాదన్నావు. సింహాద్రి ఏడ్చాడు కూడా. అయినా ఆనవాయితీ ఆనవాయితీయే. ఇచ్చేశాం.”

లోవ గుమ్మంలోకి వెళ్ళబోతే గాజుల రవణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “కొనేదుంటే కూర్చో అమ్మా. లేకపోతే దొడ్డిదారిన పో. బేరాల వేళ ఇలా అడ్డం నడిస్తే నాకు కుదరదు. ఇకనుంచి ప్రతి గురువారం వస్తాను.”

లోవ ఒకసారి మొగుడికేసి చూసింది, ఒకసారి నాకేసి చూసింది. ఖాళీ డబ్బాలు చంకన పెట్టుకుని, సందులోంచి తన ఇంటికి తాను దొడ్డిదారిన బయల్దేరింది. మాచమ్మ వెనకాలే నాలుగడుగులు వేసి, కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

“దిగులు పెట్టుకోకే” అంది. “మూడు వారాలు ఆవిడ రాకపోతే, ఎవరేమన్నా సరే, నీకే ఇప్పిస్తాను.”